మరమ్మతుకు ఒక గంట: దూరపు ఊళ్ళలో రెయిడ్ లెక్క

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో పనిచేసే డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో ప్రచురించిన పరిశోధన పత్రంతో, డిస్కులను గుంపు కట్టి వాడే పద్ధతికి రెయిడ్ అన్న పేరు లోకానికి తెలిసింది. ఆలోచన అంతకుముందే ఉంది. పోయిన భాగంలోని సమాచారాన్ని మిగతా భాగాల నుంచి రాబట్టే పద్ధతికి ఐబీఎం ఉద్యోగి నార్మన్ ఔచి 1978లోనే పేటెంటు పొందాడు. బర్క్‌లీ ముగ్గురూ చేసిన పనల్లా దానికి పేరు పెట్టి, స్థాయిలుగా విడగొట్టి, లెక్క కట్టి చూపించడం.

ఒక పెద్ద ఖరీదైన డిస్కు కొనే బదులు చవక డిస్కులు కొన్ని జతచేసి ఒక్కటిగా వాడుకోలేమా అన్నది వాళ్ళ ప్రశ్న. ఐబీఎం మెయిన్‌ఫ్రేములకు తగిలించే 3380 డిస్కులో 7,500 మెగాబైట్లు పడితే, పర్సనల్ కంప్యూటర్ల కోసం కానర్ కంపెనీ చేసిన మూడున్నర అంగుళాల డిస్కులో 100 పట్టేవి. ఆయుర్దాయం రెండింటికీ సగటున 30,000 గంటలు. అయితే వంద చిన్న డిస్కులు ఒకచోట చేర్చారంటే, వాటిలో ఏదో ఒకటి సగటున 300 గంటలకే పోతుంది. రెండు వారాలు కూడా నిండవు. అందుకని ఒకటి పోయినా పని ఆగకుండా, సమాచారం పోకుండా ఎలా కట్టాలో ఐదు స్థాయిలుగా రాశారు.

ఆ లెక్కల్లో చదివేవాళ్ళు చూసీ చూడనట్టు దాటేసే అంకె ఒకటుంది. పోయిన డిస్కు తీసి కొత్తది పెట్టి, అందులో ఉండాల్సినదంతా తిరిగి రాయడానికి ఒక గంట చాలని అనుకున్నారు. వంద డేటా డిస్కులు, పదేసి చొప్పున గుంపులు, గుంపుకో అదనపు డిస్కు, మొత్తం 110. ఆ ఒక్క గంట మీద లెక్క కడితే సమాచారం నిజంగా పోవడానికి సగటున 8,20,000 గంటలు పడుతుంది. తొంభై ఏళ్ళ పైమాట. సూత్రంలో ఆ గంట హారంలో ఉంటుంది. దాని స్థానంలో పది రోజులు, అంటే 240 గంటలు పెట్టి చూడండి. తొంభై ఏళ్ళు కాస్తా ఐదు నెలల లోపుకి దిగుతుంది.

మరైగూడ లాంటి ఊరికి పది రోజులు అనడం అతిశయమేమీ కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరది. ఇళ్ళలో దోర్లీ, తెలుగు. బళ్ళో, ఆఫీసు కాగితాల్లో హిందీ. బజారు పనికి భద్రాచలం, సర్కారు పనికి సుక్మా, అంతకన్నా పెద్ద పనికి జగ్దల్‌పుర్. ఏళ్ళ తరబడి పగలు రాత్రి తిరిగే డిస్కు కావాలంటే వీటిలో ఏ దుకాణంలోనూ అప్పటికప్పుడు తీసి ఇస్తారన్న నమ్మకం లేదు. హైదరాబాదు నుంచో రాయ్‌పుర్ నుంచో రావాలి. వారంటీ కింద మార్పించుకోవాలంటే సీరియల్ నంబరు నమోదు చేయాలి, పాతది పంపాలి, వాళ్ళు చూడాలి, కొత్తది బయల్దేరాలి. హైటెక్ సిటీలో కంపెనీలు నాలుగు గంటల్లో విడిభాగం తెచ్చిచ్చే ఒప్పందం మీద సర్వర్లు కొంటాయి. అక్కడ కుదిరే రెయిడ్ స్థాయినే ఇక్కడా పెట్టుకుంటే లెక్క తప్పుతుంది. రెయిడ్ గురించి వచ్చే రాతల్లో తొంభై పాళ్ళు వేగం గురించి, ఎంత చోటు మిగులుతుందన్నదాని గురించి. విడి డిస్కు ఎన్ని రోజుల్లో చేతికొస్తుంది అన్నదే మొదట అడగాల్సిన ప్రశ్న అని నా అభిప్రాయం. ఎన్నో స్థాయి అన్నది ఆ తరవాత సంగతి.

ఇంతకీ ఆ ఊళ్ళలో అంత దాచుకోవాల్సినవి ఏమున్నాయంటారా? పెళ్ళిళ్ళు, పండగలు వీడియో తీసే స్టూడియోలున్నాయి. ధ్రువపత్రాలకి, బ్యాంకు పనులకి జనం వచ్చే చాయిస్ సెంటర్లున్నాయి. అన్నిటికన్నా బరువైనవి మాటల రికార్డులు. దోర్లీలో పాటలు పాడే ముసలమ్మ గొంతు ఒకసారి రికార్డు చేశాక ఆ ఫైలు పోతే మళ్ళీ పాడించుకోవడానికి ఆవిడ ఉండకపోవచ్చు. బ్యాంకు రికార్డులకు ఇంకోచోట ప్రతులుంటాయి. వీటికి ఉండవు.

సరే, ఒక డిస్కు పోతే మిగతావి దాన్ని ఎలా పుట్టిస్తాయో చూద్దాం. నాలుగు డిస్కుల గుంపు అనుకోండి. మొదటి మూడింటిలో డేటా: 1011, 0110, 1100. వీటిని ఒకదాని కింద ఒకటి రాసి, నిలువు వరసలో ఒకట్లు సరిసంఖ్యలో ఉంటే 0, బేసిసంఖ్యలో ఉంటే 1 వేసుకుంటూ పొండి. నాలుగో డిస్కు మీద 0001 వస్తుంది. అదే పారిటీ. ఇప్పుడు రెండో డిస్కు పోయింది. మిగిలిన 1011, 1100, 0001 మీద మళ్ళీ అదే లెక్క చేస్తే 0110 వస్తుంది, పోయినదే. ఇందులో గారడీ ఏమీ లేదు, ఐదో తరగతి పిల్లలు చేయగల లెక్క. దాన్ని క్షణానికి కోట్లసార్లు చేయడమే యంత్రం పని. ఈ లెక్కలోనే దాని హద్దు కూడా కనిపిస్తుంది: రెండు వరసలు ఒకేసారి చెరిగిపోతే ఉన్న రెండింటితో ఏదీ తేలదు.

రెయిడ్ 0లో ఈ రక్షణ లేదు. డేటాను ముక్కలు చేసి డిస్కులన్నిటికీ పంచుతుంది, వేగం పెరుగుతుంది, ఏ ఒక్కటి పోయినా అంతా పోతుంది. ఎడిటింగ్ జరుగుతున్నంతసేపు తాత్కాలిక ఫైళ్ళు పెట్టుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. రెయిడ్ 1 అంటే మిర్రర్, రెండు డిస్కుల మీద ఒకటే రాత. రెయిడ్ 2, 3 ఇప్పుడు పుస్తకాల్లోనే ఉన్నాయి, వదిలేద్దాం. రెయిడ్ 4లో పారిటీకి ఒక డిస్కు ప్రత్యేకం; రాసిన ప్రతిసారీ ఆ ఒక్క డిస్కు మీదే భారం పడుతుంది. నెట్‌యాప్ కంపెనీ తన ఫైల్ సిస్టమ్‌ను దానికి అనువుగా మలచుకుని చాలాకాలం నడిపింది. రెయిడ్ 5 ఆ పారిటీని డిస్కులన్నిటి మీదా వంతులవారీగా పరుస్తుంది. రెయిడ్ 6 రెండో పారిటీ కలుపుతుంది. అది పైన చేసిన సరి బేసి లెక్క కాదు, 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ రాసిన బీజగణితం కోవలోది. ఏ రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది. రెయిడ్ 10 మిర్రర్ జతలను పక్కపక్కన పెట్టి వాటి మీద ముక్కలు పంచుతుంది.

4 టెరాబైట్ల డిస్కులు నాలుగు ఉన్నాయనుకుంటే రెయిడ్ 5లో 12, రెయిడ్ 6లో 8, రెయిడ్ 10లో 8 టెరాబైట్లు చేతికొస్తాయి. (ఒక్కో డిస్కూ 3.64 అని చూపిస్తే దుకాణదారును తిట్టకండి. కంపెనీ వెయ్యితో గుణిస్తుంది, కంప్యూటరు 1,024తో భాగిస్తుంది.) ఆరు, పది రెండూ ఒకే చోటు మిగిలిస్తాయి కాబట్టి వాటి మధ్య పోటీయే ఆసక్తికరమైనది. చిన్న చిన్న రాతలకు రెయిడ్ 10 హాయి, ఒక్కో రాతకు డిస్కుల మీద రెండు పనులే. రెయిడ్ 5లో పాత డేటా చదవాలి, పాత పారిటీ చదవాలి, కొత్తవి రెండూ రాయాలి: నాలుగు. రెయిడ్ 6లో ఆరు. డేటాబేస్ నడిపేవాళ్ళు రెయిడ్ 5 అంటే మండిపడటానికి ఇదే కారణం. ఒరాకిల్ నిపుణులు కొందరు 2000 తరవాతి తొలి ఏళ్ళలో దానికి వ్యతిరేకంగా బార్ఫ్ అనే పేరుతో ఒక ఉద్యమమే నడిపారు. ఆ కోపం వాళ్ళ పనికి న్యాయమైనదే. పెళ్ళి వీడియోలు, ఆడియో రికార్డులు దాచేచోట దానికి అర్థం లేదు. అక్కడ పెద్ద ఫైలు ఒకసారి రాస్తారు, తరవాత చదవడమే.

భద్రత దగ్గర తేడా మరోలా ఉంటుంది. నాలుగు డిస్కుల రెయిడ్ 10లో ఒకటి పోయాక మిగిలిన మూడింటిలో ఒకటి దాని జత. రెండో దెబ్బ ఆ జత మీద పడితే అంతే సంగతులు, మూడింట ఒక వంతు ప్రమాదం. రెయిడ్ 6కు అలాంటి దురదృష్టపు డిస్కు లేదు. విడి డిస్కు సాయంత్రానికి వచ్చే ఊళ్ళో రెయిడ్ 10 పెట్టుకోండి, పునర్నిర్మాణం త్వరగా అయిపోతుంది. పది రోజులు ఆగాల్సిన ఊళ్ళో రెయిడ్ 6.

ఆగడానికి ఖరీదెంతో స్థూలంగా చూడొచ్చు. బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ (1988 పత్రం రాసిన ముగ్గురిలో ఒకరు) 2007లో దాదాపు లక్ష డిస్కుల రికార్డులు పరిశీలించారు. కంపెనీలు చెప్పుకునే ఆయుర్దాయం ప్రకారం ఏడాదికి నూటికి ఒకటి కూడా పోకూడదు. నిజంగా మార్చాల్సి వచ్చినవి చాలాచోట్ల రెండు నుంచి నాలుగు శాతం, కొన్నిచోట్ల 13 దాకా. మూడు శాతం అనుకుందాం. నాలుగు డిస్కుల రెయిడ్ 5లో ఒకటి పోయి, కొత్తది పది రోజులకు వస్తుందంటే, ఈలోగా రెండోది పోయే అవకాశం నాలుగు వందల్లో ఒకటి. ఒక్క రోజులో వస్తే నాలుగు వేలల్లో ఒకటి.

నాలుగు వందల్లో ఒకటేగా, ఏం భయం అనిపిస్తుంది. అక్కడే చిక్కు. ఈ లెక్క డిస్కులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతాయనుకుంటుంది. అదే 2007 అధ్యయనం ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. ఒకటి పోయినచోట త్వరలో ఇంకొకటి పోయే అవకాశం ఎక్కువని తేల్చింది. మామూలుగా ఆలోచించినా తెలుస్తుంది. నాలుగు డిస్కులూ ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే పెట్టెలోంచి కొంటాం. ఒకే గదిలో మే నెల వేడి తింటాయి. లైన్లో హెచ్చు వోల్టేజీ వచ్చిందంటే నాలుగూ కలిసే దెబ్బ తింటాయి. వేరువేరు తయారీ తేదీల డిస్కులు, కుదిరితే వేరువేరు కంపెనీలవి కలిపి కొనడం ఖర్చు లేని జాగ్రత్త. దుకాణదారుకు మాత్రం ఇది నచ్చదు. వేడి సంగతికొస్తే, గూగుల్ ఇంజనీర్లు కూడా 2007లోనే లక్షకు పైగా డిస్కులు చూసి, మామూలు హద్దుల్లో ఉన్న వేడి అందరూ అనుకున్నంత చెరుపు చేయదన్నారు. వాళ్ళ డేటా సెంటరులో మే నెల ఎలా ఉంటుందో, రేకుల కప్పు కింద ఎలా ఉంటుందో రెండూ ఒకటి కాదు కాబట్టి ఆ మాటను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేం.

పునర్నిర్మాణం కూడా డిస్కులకు పరీక్షే. పోయినదాన్ని పుట్టించాలంటే మిగిలిన డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని మూలలు కూడా. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ చదువులోనే రెండో డిస్కు తప్పు బయటపడుతుంది. మామూలు డిస్కుల వివరాల పత్రంలో పన్నెండున్నర టెరాబైట్లు చదివితే ఒకసారి చదవలేని చోటు తగలొచ్చని రాసి ఉంటుంది. దీన్ని పట్టుకుని 2007లో రాబిన్ హ్యారిస్ అనే రచయిత, 2009 నాటికి రెయిడ్ 5 పనికిరాకుండా పోతుందని జోస్యం చెప్పాడు. జోస్యం అక్షరాలా ఫలించలేదు. ఆ పత్రంలోని అంకె కంపెనీ తనను తాను కాపాడుకోవడానికి రాసుకునే హామీ. అసలు డిస్కులు చాలావరకు అంతకన్నా మెరుగ్గా చదువుతాయి. అయితే ఆయన వేలు పెట్టి చూపించిన దిక్కు తప్పు కాదు. డిస్కు పరిమాణం పెరిగినంతగా వేగం పెరగలేదు. సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాసినా 20 టెరాబైట్ల డిస్కు నిండటానికి 28 గంటలు పడుతుంది. మధ్యలో జనం ఫైళ్ళు తెరుస్తూ మూస్తూ ఉంటే రోజులు. 1988 నాటి గంట విడిభాగం చేతిలో ఉన్న నగరంలోనే ఎప్పుడో చెల్లిపోయింది.

దీనికి తోడు 2020లో ఇంకో ముచ్చట బయటపడింది. వెస్టర్న్ డిజిటల్ కంపెనీ నాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్) పెట్టెల కోసమని అమ్మిన రెడ్ డిస్కుల్లో కొన్ని, ట్రాకులను ఒకదాని మీద ఒకటి పెంకుల్లా పేర్చే ఎస్ఎంఆర్ రకానివని, ఆ సంగతి డబ్బా మీద లేదని తేలింది. మామూలుగా వాడుకుంటే తేడా తెలియదు. పునర్నిర్మాణంలో పెడితే రోజుల తరబడి సాగుతాయి, ఒక్కోసారి వ్యవస్థ వాటిని చెడిపోయినవిగా భావించి బయటికి నెట్టేస్తుంది. కొనేముందు, ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కని సీఎంఆర్ రకమా కాదా అని నమూనా నంబరుతో సరిచూసుకోవడం అప్పట్నుంచి తప్పనిసరి అయింది.

డిస్కులను గుంపు కట్టే దగ్గర కొత్తవాళ్ళను తికమక పెట్టేది పేర్లు. మెగారెయిడ్ కార్డులో డ్రైవ్ గ్రూపు, దాని మీద వర్చువల్ డ్రైవ్. హెచ్‌పీ సర్వర్లో అరే, లాజికల్ డ్రైవ్. సైనాలజీ పెట్టెలో స్టోరేజ్ పూల్, వాల్యూమ్. లినక్స్‌లో ఎండీ (సాఫ్ట్‌వేర్ రెయిడ్) గుంపు కట్టి, దాని మీద ఎల్వీఎం వాల్యూమ్ గ్రూపు పెట్టి అందులోంచి ముక్కలు కోసుకుంటారు. వరస అన్నిచోట్లా ఒకటే: కింద ఉత్త డిస్కులు, వాటిని కట్టి రక్షణ ఇచ్చే గుంపు, గుంపులోంచి కోసి ఇచ్చే వాటాలు. రక్షణ ఉండేది మధ్య అంతస్తులోనే అని గుర్తుంటే చాలు. పైన వాల్యూమ్ గ్రూపులోకి రక్షణ లేని విడి డిస్కు ఒకటి అదనంగా చేర్చారంటే, ఆ ఒక్కటీ పోయినరోజు దాని మీద పరుచుకున్న వాటాలన్నీ గల్లంతే. జెడ్ఎఫ్ఎస్‌లో కూడా పూల్‌లో ఉన్న వీడెవ్‌లలో (డిస్కుల గుంపుల్లో) ఒకటి పూర్తిగా పోతే పూల్ మొత్తం పోతుంది. చోటు చాలలేదని తొందరలో ఒంటి డిస్కు కలిపేయడం జనం చేసే తప్పుల్లో మొదటిది.

రెండోది, వేరువేరు పరిమాణాలు కలపడం. మామూలు రెయిడ్ గుంపులో అతి చిన్న డిస్కు కొలతే అందరికీ కొలత. నాలుగు టెరాబైట్లవి మూడు, రెండుది ఒకటి పెడితే నాలుగూ రెండేసిగానే లెక్క. సైనాలజీ వాళ్ళ హైబ్రిడ్ పద్ధతి ఆ మిగులును కొంత వాడుకుంటుంది. తరవాత డిస్కులు చేర్చి పెంచుకోవడం లినక్స్ ఎండీలో ఎప్పట్నుంచో ఉంది. జెడ్ఎఫ్ఎస్ రెయిడ్-జెడ్ గుంపులో ఒక డిస్కు చేర్చే వీలు 2025 జనవరిలో ఓపెన్‌జెడ్ఎఫ్ఎస్ 2.3తో వచ్చింది. అంతవరకూ మొదటే ఎన్ని డిస్కులో తేల్చుకుని కట్టాల్సి వచ్చేది.

కార్డుతో కట్టాలా, సాఫ్ట్‌వేర్‌తో కట్టాలా అన్న వాదం పాతదే. కార్డు మీద బ్యాటరీ ఉన్న క్యాషె ఉంటే కరెంటు హఠాత్తుగా పోయినా రాయాల్సినవి అందులో నిలుస్తాయి, వేగమూ వస్తుంది. సరే, కార్డే పోతే? అదే కుటుంబానికి చెందిన కార్డు ఇంకొకటి దొరకాలి, లేకపోతే ఆరోగ్యంగా ఉన్న డిస్కులు కూడా చదవరానివే. డిస్కుకే పది రోజులైతే పాత నమూనా కార్డుకు ఎన్ని రోజులో ఊహించుకోండి. లినక్స్ ఎండీతో కట్టిన డిస్కులు ఏ లినక్స్ యంత్రానికి తగిలించినా గుంపుగా లేస్తాయి. పాత డెస్క్‌టాప్ చాలు. దూరపు ఊళ్ళకు నా ఓటు సాఫ్ట్‌వేర్‌కే. మదర్‌బోర్డు బయాస్‌లో రెయిడ్ అని కనిపించేది మాత్రం రెండింటి చెడునూ కలుపుకున్న సరుకు, దాని జోలికి పోవద్దు.

కరెంటు సంగతి విడిగా చెప్పుకోవాలి. రెయిడ్ 5, 6లలో డేటా ఒక డిస్కు మీద, పారిటీ మరో డిస్కు మీద రాస్తారు కదా, ఈ రెండు రాతల మధ్య కరెంటు పోతే రెండూ పొసగవు. తరవాతెప్పుడో డిస్కు పోయినప్పుడు ఆ తప్పు పారిటీతో లెక్క కట్టి తప్పు డేటా పుట్టిస్తుంది, కిక్కురుమనకుండా. దీన్నే రైట్ హోల్ అంటారు. జెడ్ఎఫ్ఎస్ ఉన్నచోటే దిద్దకుండా కొత్తచోట రాసి, అంతా అయ్యాకే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఈ గొడవ దానికి లేదు. అది చదివిన ప్రతి ముక్కకూ చెక్‌సమ్ సరిచూస్తుంది కూడా. మిగతావాటికి, బ్యాటరీ క్యాషె ఉన్న కార్డు లేకపోతే, యూపీఎస్ పెట్టుకోవడమే మేలు. ఇళ్ళలో వాడే ఇన్వర్టర్లు కరెంటు మారే క్షణంలో తీసుకునే విరామం ఫ్యానుకు తెలియదు, కంప్యూటరుకు తెలుస్తుంది. యూపీఎస్ నుంచి యంత్రానికి కేబుల్ తగిలించి, బ్యాటరీ అడుగంటేలోపు తనంతట తాను పద్ధతిగా ఆగిపోయేలా పెట్టాలి. ఎక్కువమంది కొన్న కేబుల్‌ను డబ్బాలోనే ఉంచేస్తారు.

పెద్ద సంస్థలు ఈ మొత్తం తగాదాను దాటిపోయాయి. హడూప్ 2017లో మూడో వెర్షన్‌తో ఎరేజర్ కోడింగ్ తెచ్చుకుంది. ఆరు ముక్కల డేటాకు మూడు అదనపు ముక్కలు కట్టి తొమ్మిది యంత్రాల మీద పరిస్తే ఏ మూడు యంత్రాలు పోయినా నష్టం లేదు. మూడు ప్రతులు దాచే పాత పద్ధతిలో సగం చోటు చాలు. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖపట్నానికి ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటరు లాంటిచోట ఒక డిస్కు పోవడం వార్త కాదు, అర్ధరాత్రి ఎవరినీ నిద్ర లేపరు. మరి అలాంటి క్లౌడ్‌లోనే పెట్టేస్తే పోలేదా? తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో 2,343 టూజీ టవర్లను ఫోర్‌జీకి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం ఇచ్చింది. ఫోనుకు అది పెద్ద మార్పే. కానీ సెకనుకు 10 మెగాబిట్ల చొప్పున క్షణం ఆగకుండా పైకి ఎక్కించినా 4 టెరాబైట్లకు 37 రోజులు. ఆ డిస్కునే సంచిలో పెట్టుకుని బస్సెక్కితే ఒక్క రోజులో జగ్దల్‌పుర్ చేరుతుంది.

ఆ బస్సు ప్రయాణం అవసరమే, ఎందుకంటే రెయిడ్ చేయలేని పనులున్నాయి. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటరు నుంచి 77 టెరాబైట్ల పరిశోధన సమాచారం చెరిగిపోయింది. డిస్కు పోలేదు. బ్యాకప్ స్క్రిప్టును సవరించడంలో దొర్లిన పొరపాటు ఫైళ్ళను చెరిపింది. చెరపమంటే రెయిడ్ అన్ని డిస్కుల మీదా శ్రద్ధగా చెరుపుతుంది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటరు బ్యాటరీల మంటల్లో తగలబడింది. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు వేరేచోట ప్రతి లేక బూడిదయ్యాయి.

మనకు మంటలకన్నా నీళ్ళ భయమెక్కువ. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు. 1986లో గోదావరి 75.6 అడుగులకు వచ్చింది, 2022 జులైలో 71.3కి. గోదావరి పొంగినప్పుడు కూనవరం దగ్గర కలిసే శబరి వెనక్కి తన్నుతుంది, దాని ఒడ్డున ఉన్న కోంట దగ్గర రహదారి మునుగుతుంది. మరైగూడ వాళ్ళు రెండో ప్రతిని దగ్గర కదా అని భద్రాచలం కరకట్ట పక్క చుట్టాలింట్లో పెడితే అదే నది పాలబడే ప్రమాదం ఉంది. జగ్దల్‌పుర్‌ది ఇంద్రావతి నీళ్ళు, వేరే కథ. ఖమ్మం అయినా మేలే.

వీటన్నిటినీ కలిపి చూస్తే చిన్న స్టూడియోకి, సెంటరుకి నాలుగు డిస్కుల పెట్టె అవసరమే లేదనిపిస్తుంది. రెండు డిస్కుల మిర్రర్, బీరువాలో ముందే పరీక్షించి దాచిన మూడో డిస్కు, ఊరి బయట నెలకోసారి మార్చుకునే ప్రతి ఒకటి. బీరువాలో డిస్కు ఉందంటే పది రోజులు ఏడెనిమిది గంటలవుతాయి, 4 టెరాబైట్లు తిరిగి రాసే సమయం అంతే. దాన్నే పెట్టెలో హాట్ స్పేర్‌గా తగిలించి ఉంచొచ్చు కదా అంటారు. అప్పుడు అదీ మిగతావాటితో పాటు తిరుగుతుంది, వేడెక్కుతుంది, అదే వోల్టేజీ దెబ్బ తింటుంది. నాలుగు గదుల పెట్టె ఉండి నాలుగో డిస్కు తిప్పుతూనే ఉంచేట్టయితే రెయిడ్ 5కు హాట్ స్పేర్ పెట్టేకన్నా రెయిడ్ 6 కట్టడమే తెలివి. ఖర్చు ఒకటే, రక్షణ మొదటి రోజు నుంచే.

కట్టేరోజే ప్రతి డిస్కు సీరియల్ నంబరు తెల్ల టేపు మీద రాసి ట్రే ముందు అంటించాలి. లినక్స్‌లో స్థితి చూస్తే నాలుగూ బాగున్నప్పుడు బ్రాకెట్లో నాలుగు 'యు' అక్షరాలు వరసగా కనిపిస్తాయి, మూడోది పోతే దాని చోట కింద గీత. ఆ మూడోది పెట్టెలో ఎడమ నుంచి మూడోదే అయి ఉండాలన్న నియమం లేదు. చెడినదనుకుని బాగున్నదాన్ని లాగేసి గుంపును కూల్చుకున్నవాళ్ళు చాలామంది. హెచ్చరిక మెయిలులో వస్తుందని ధీమాగా ఉండటమూ కుదరదు, నెట్ లేనిరోజు మెయిలు కదలదు. వారానికోసారి ఎవరో ఒకరు కళ్ళతో చూడాలి.

ఇంకొక్కటి. ఎవరూ ముట్టని మూలల్లో తప్పులున్నాయేమో మొత్తం చదివి చూసే తనిఖీని డెబియన్ లినక్స్ తనంతట తానే నెలకోసారి పెడుతుంది: మొదటి ఆదివారం, అర్ధరాత్రి దాటాక. నగరంలో సర్వర్లు ఆపరు కాబట్టి అది జరిగిపోతుంది. సాయంత్రం షట్టరు దించి మెయిన్ స్విచ్ కట్టేసే సెంటరులో ఆ తనిఖీకి మోక్షం లేదు. యంత్రం ఎన్నడూ ఫిర్యాదు చేయదు కూడా. దాన్ని సంత లేని రోజు పగటి పూటకి మార్చుకోవడం ఒక్క వరస సవరణ.